చెట్టు, చేను, మేత కలిసిన నేలను బంజరుగా గీయకండి: కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

రాయలసీమ మెట్టలో ఐదెకరాల ఎర్రనేల తీసుకోండి. తొలకరి పడితే వేరుశనగ, మధ్యలో కంది సాళ్లు. గట్ల మీదా చేనులోనూ అక్కడక్కడా వేప, చింత, కానుగ, రేగు. కాయ పీకాక ఆ చేను గొర్రెలది, రాత్రిళ్లు మంద కట్టిస్తే ఎరువు కూడా పడుతుంది. వాన రాని ఏడు విత్తనమే పడదు, ఆ ఏడంతా మేతే.

ఈ నేల ఒక్కో లెక్కలో ఒక్కో పేరుతో ఉంటుంది. అడంగల్‌లో మెట్ట. తొమ్మిది తరగతుల భూ వినియోగ గణాంకాల్లో పంట వేసిన ఏడు నికర సాగు, వేయని ఏడు ప్రస్తుత బీడు, వరుసగా ఐదేళ్లు దాటితే సాగుకు పనికొచ్చే బంజరు. చెట్ల నీడ పది శాతం దాటి, అలాంటి నేల హెక్టారుకు మించి ఉంటే, యజమాని ఎవరైనా సరే, భారత అటవీ సర్వే దాన్ని అటవీ విస్తీర్ణంలో కలుపుతుంది. వేసవి ఉపగ్రహ చిత్రంలో చూస్తే పొదల భూమి. మీ శాఖ పరిధిలోని భూవనరుల విభాగం ప్రచురించే బంజరు భూముల అట్లాస్‌లో పొదల భూమి ఒక ముఖ్యమైన తరగతి. 2019లో వచ్చిన ఆ అట్లాస్ సుమారు 5.57 కోట్ల హెక్టార్లను, అంటే దేశ విస్తీర్ణంలో దాదాపు 17 శాతాన్ని, బంజరుగా చూపింది.

పేరు ఎంత సున్నితమైన గీత మీద మారుతుందో లెక్క వేసి చూపుతాం. ఎనిమిది మీటర్ల అడ్డంగా కొమ్మలు పరిచిన వేప సుమారు 50 చదరపు మీటర్ల నేలను కప్పుతుంది. ఎకరం 4,047 చదరపు మీటర్లు. ఎకరాకు అలాంటి చెట్లు ఎనిమిది ఉంటే నీడ పది శాతానికి కాస్త లోపు, తొమ్మిది ఉంటే పదకొండు శాతం. కింద అదే వేరుశనగ, అవే గొర్రెలు. తొమ్మిదో చెట్టుతో చేను కాస్తా లెక్కలో అడవి అయిపోతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఏటా 1:2,50,000 స్కేలులో చేసే భూ వినియోగ పటానికి 56 మీటర్ల ఉపగ్రహ చిత్రం వాడతారు, అంటే చిత్రంలోని ఒక్కో చుక్క (గడి) నేల మీద 56 మీటర్ల చతురస్రం. అది ముప్పావు ఎకరానికి పైమాటే. 23.5 మీటర్ల చిత్రంలో గడి పదమూడున్నర సెంట్లు, పది మీటర్లదైతే రెండున్నర సెంట్లు. ముప్పావు ఎకరం గడిలో చెట్టూ, చేనూ, గట్టు మీద గడ్డీ కలిసే కనిపిస్తాయి. ఆ పటం తరగతుల్లో ఖరీఫ్ ఉంది, రబీ ఉంది, బీడు, తోట, పొదలు ఉన్నాయి. మూడూ కలిసిన నేలకు తరగతి లేదు. అందుకే వర్గీకరణ దాన్ని దగ్గరున్న ఏదో ఒక గంపలో వేస్తుంది.

చిత్రం తీసిన నెల కూడా పేరును మారుస్తుంది. పంట నిండుగా ఉండే ఆగస్టు, సెప్టెంబరుల్లో మబ్బులు అడ్డం. ఫిబ్రవరి నుంచి నేల బోసిగా కనిపిస్తుంది. ఏప్రిల్‌లో వేప, కానుగ చిగురు మీద ఉంటాయి కాబట్టి చెట్లను లెక్కించడానికి అది మంచి నెలే, కానీ సర్కారు తుమ్మ కూడా అప్పుడు పచ్చగానే ఉంటుంది, అన్నీ కలిసిపోతాయి. మేమడిగేది మూడు కాలాల చిత్రాలు: వానాకాలానికి మబ్బుల్ని దాటి చూసే రాడార్ చిత్రం (2022లో పంపిన ఈఓఎస్-04 ఉపగ్రహం మన దగ్గరే ఉంది), పంట కోశాక డిసెంబరు చిత్రం, ఏప్రిల్ చిత్రం. మూడింటినీ పక్కపక్కన పెట్టకుండా మెట్టభూమికి పేరు పెట్టకూడదు.

అన్నిటికంటే పెద్ద లోపం క్షేత్ర పరిశీలనలో ఉంది. గడికి సరిపోవాలని సిబ్బంది ఒకే తీరుగా ఉన్న చోటు వెతికి, కంప్యూటర్‌కు నేర్పే నమూనాగా అక్కడ పాయింట్ తీసుకుంటారు. కలగలుపు నేలలో అలాంటి చోటు దొరకదు కాబట్టి దాన్ని వదిలి పక్క వరిమడికో యూకలిప్టస్ తోటకో పోతారు. నమూనాల్లోకే రాని నేలను కంప్యూటర్ గుర్తుపట్టలేదు. పైగా నీరు, మాగాణి, దట్టమైన అడవి సులువుగా దొరుకుతాయి కాబట్టి మొత్తం ఖచ్చితత్వం తొంభై శాతం అని వచ్చినా, ఈ ఒక్క తరగతిలో సగం తప్పు ఉండవచ్చు. ప్రతి తరగతి తప్పొప్పుల పట్టికనూ విడిగా ప్రచురించండి.

పాయింట్ బదులు 50 మీటర్ల చతురస్రం, అంటే దాదాపు 62 సెంట్లు, కొలవమనండి. అందులో ప్రతి చెట్టు జాతి రాసి, కొమ్మల వెడల్పు రెండు దిక్కుల్లో టేపుతో కొలవాలి. ఆ ఏటి పంట, అంతకుముందు రెండేళ్ల పంటలు, మేపే నెలలు, ఎవరి మందలు వస్తాయి, నీళ్లు ఎక్కడ తాగుతాయి, ఏ దారిన వస్తాయి, ఇవన్నీ అడిగి రాయాలి. మేతను ఉపగ్రహం చూడలేదు. అది రైతు నోటా కాపరి నోటా తెలియాల్సిందే. తరగతికి కనీసం యాభై చతురస్రాలు కావాలి, అవీ చిత్రం తీసిన కాలంలోనే.

ఐరోపా పటాల్లో వ్యవసాయ అటవీ భూమికి 2.4.4 అనే తరగతి ఉంది. స్పెయిన్, పోర్చుగల్‌లలో ఓక్ చెట్ల కింద పశువులు మేసే నేలలు అందులోకి వస్తాయి. కానీ ఆ పటం 25 హెక్టార్ల కంటే చిన్న ముక్కను చూపదు. ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం హెక్టారు లోపే. కాబట్టి ఆ తరగతిని తెచ్చుకుంటే మనకు పని జరగదు. ఐరోపాలోనే నేల మీదికి వెళ్లి చేసే లూకాస్ సర్వే పద్ధతి మాత్రం పనికొస్తుంది: ప్రతి చోటా నేల మీద ఏముందో ఒక గడిలో, దాన్ని దేనికి వాడుతున్నారో వేరే గడిలో రాస్తారు. రెండింటికీ రెండో సమాధానం రాసే వీలు కూడా ఉంటుంది. మన పటంలోనూ ఒక్కో సర్వే నంబరుకు నీడ శాతం, పంట, మేత మూడు వేర్వేరు గడులుగా ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే డ్రోన్ చిత్రాల్లో ఒక్కో చెట్టు విడిగా తెలుస్తుంది. ఈ-పంట (పంటల నమోదు) కోసం సీజన్ సీజన్‌కూ సిబ్బంది చేలకు వెళ్తూనే ఉన్నారు. నమోదు పత్రంలో మేత నెలలు, చెట్ల సంఖ్య చేర్చడం పెద్ద ఖర్చు కాదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పటంలో చెట్లు ఎక్కువగా చూపితే రేపు తన పొలాన్ని అడవి అంటారేమోనని రైతు భయపడతాడు. చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలన్న సంగతి అతనికి తెలుసు. సర్వే రాకముందే గొడ్డలి పడుతుంది. ఈ వర్గీకరణ వల్ల పట్టా హక్కు, చెట్టు మీద హక్కు, నేల వినియోగ నిబంధనలు ఏవీ మారవని నోటిఫికేషన్‌లోనే రాయించండి. అది రాయకుండా సర్వే మొదలుపెట్టవద్దు.

పోరంబోకుగా, మందబయలుగా ఉన్న నేలకు పట్టాదారు లేడు, అడ్డం చెప్పేవాడూ ఉండడు. పటంలో బంజరు అని ఉంటే సౌర ఫలకాలకో పరిశ్రమకో కేటాయించడం సులువు. అక్కడ మేసే మందలు పట్టా చేల మీద పడితే తగవులు, లేదంటే అమ్ముకోవడాలు. అందుకే కొత్త పటం వచ్చేదాకా అట్లాస్‌లోని పొదల భూమిని ఆ ఒక్క ఆధారంతో ఎవరికీ కేటాయించవద్దని రాష్ట్రాలకు రాయండి. కేటాయించే ముందు పైన చెప్పిన చతురస్ర కొలత జరగాలి. ఆ కాగితం గ్రామసభలో చదివి వినిపించి, అభ్యంతరాలకు నెల గడువు ఇవ్వాలి. మందలు వలస వెళ్లిన నెలల్లో సభ పెడితే కాపరులు ఉండరు, వాళ్లు ఊళ్లో ఉండే కాలం అడిగి తేదీ వేయమనండి.

ఇట్లు,
భూ వినియోగ పటాలు, మెట్ట వ్యవసాయం, పశుపోషణ రంగాల్లో పనిచేస్తున్న కొందరం