తామర నమూనాల విషయంలో దారి చూపిన అందరికీ కృతజ్ఞతలు

మందులు వాడుతున్నా తగ్గని తామరలో ఏ శిలీంధ్రం ఉందో తేల్చడానికి సలహా అడిగితే, ఇంత ఓపికగా చెప్పిన టెక్నీషియన్లకు, చర్మవైద్యులకు మా ల్యాబ్ తరఫున మనసారా ధన్యవాదాలు. ఇంకొకరికీ పనికొస్తాయని మీ మాటలు ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా, నమూనా గురించి చెప్పిన డాక్టరుగారికి. మచ్చ నడిమధ్యన కాదు, పొట్టు లేస్తున్న అంచున గీకాలి. అంతకుముందు 70 శాతం ఆల్కహాల్‌తో తుడిస్తే పూసిన క్రీము, బాక్టీరియా చాలావరకు పోతాయి. పొట్టును మడిచిన కాగితంలో పొడిగా పంపాలి. తడి సీసాలో బాక్టీరియా పెరిగిపోతుంది. సగం పరీక్షలు ఇక్కడే చెడిపోతాయని మా నమ్మకం.

పొట్టును కరిగించి శిలీంధ్రాన్ని మైక్రోస్కోపులో కనబడేలా చేసే కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం చర్మానికి 10 నుంచి 20 శాతం చాలు, గోటికి 40 శాతం దాకా కావాలి. స్లైడును మరిగించకండి, స్ఫటికాలు కట్టి ఏమీ కనబడదు. చర్మకణాల అంచులే తంతువుల్లా భ్రమింపజేస్తాయి. అసలు శిలీంధ్ర తంతువు ఒకే మందంతో, అడ్డగోడలతో, కణాల అంచులను దాటుకుంటూ పోతుంది. ఈ తేడాను అంత స్పష్టంగా చెప్పినందుకు ప్రత్యేక నమస్కారాలు.

కల్చర్‌కు, అంటే శిలీంధ్రాన్ని పెంచడానికి, సబురాడ్ అగార్ (శిలీంధ్రాలు పెరిగే పోషక పదార్థం) ట్యూబులు రెండు: ఒకదాంట్లో బాక్టీరియాను ఆపే క్లోరాంఫెనికాల్ మాత్రమే, రెండోదాంట్లో దానితో పాటు సైక్లోహెక్సిమైడ్. ఈ రెండోది గాలిలోంచి పడే బూజులను చాలావరకు అణచివేస్తుంది. అయితే ఆస్పర్‌జిల్లస్, మ్యూకర్ వంటి బూజులే అసలు కారణమైనా వాటినీ పెరగనివ్వదు, అందుకే మొదటిది తప్పనిసరి. 25 నుంచి 30 డిగ్రీల దగ్గర నాలుగు వారాలు ఆగాకే నెగెటివ్ అని రాయాలి.

పెరిగినదాన్ని సూదితో విడదీస్తే బీజాల అమరిక చెదురుతుంది. స్లైడ్ కల్చర్ పెట్టి, అంటే స్లైడు మీదే పెంచి, లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే రంగుతో చూస్తే చెక్కుచెదరదు. యూరియేజ్ పరీక్ష (యూరియాను విడగొడుతుందా అని చూసేది) పాజిటివ్ వచ్చి, శిలీంధ్రంతో కలిపి ఉంచిన వెంట్రుకకు రంధ్రాలు పడితే అది ట్రైకోఫైటాన్ మెంటాగ్రోఫైటిస్ అనే శిలీంధ్రం వైపు మొగ్గవచ్చు; తామర తెచ్చే మరో శిలీంధ్రం ట్రైకోఫైటాన్ రూబ్రమ్‌లో రెండూ సాధారణంగా నెగెటివే.

చిక్కల్లా 2020లో పేరు పెట్టిన ట్రైకోఫైటాన్ ఇండోటినియేతోనే. కంటికి మెంటాగ్రోఫైటిస్‌లాగే ఉంటుంది, ఐటీఎస్ సీక్వెన్సింగ్‌తో, అంటే డీఎన్ఏలో ఐటీఎస్ అనే భాగాన్ని చదివితే, విడిపోతుంది. స్క్వాలీన్ ఇపాక్సిడేజ్ అనే ఎంజైము జన్యువులో మార్పుల వల్ల దీనిలో చాలా రకాలకు, ఆ ఎంజైమునే అడ్డుకునే తామర మందు టెర్బినాఫిన్ పనిచేయదు. కాబట్టి పేరు తేలడం రోగికి నేరుగా మందు మార్చే విషయం. సీక్వెన్సింగ్‌కు మా కల్చర్లను తీసుకున్న ల్యాబ్ వారికి ఎంతో రుణపడి ఉన్నాం. వారు కోరినట్టే ఇకపై కలుషితం కాని స్లాంట్లు (ఏటవాలు అగార్ ట్యూబుల్లో పెంచిన కల్చర్లు) రెండేసి, స్క్రూ మూత బిగించి, వాడిన మందుల వివరంతో పంపుతాం.