వెల్వెట్ రాజులకు సెలవు

అందరికీ నమస్తే. అసలు విషయం ముందే చెప్పేస్తాను, అంతా చదివే తీరిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. ఈ దసరా దాటాక మా ఇంట్లో ఎర్ర వెల్వెట్ రాజు డ్రెస్సులు, శాటిన్ రాణి డ్రెస్సులు కుట్టం, అద్దెకూ ఇవ్వం. అడ్వాన్సు ఇచ్చినవాళ్ళు కంగారు పడకండి, ఒప్పుకున్న తేదీకి మీ డ్రెస్సు మీకు అందుతుంది. బ్లౌజులు, లంగా వోణీలు, ఫాల్సు, జిగ్‌జాగ్ ఎప్పటిలాగే నడుస్తాయి. ఇల్లు గడిచేది వాటితోనే కదా.

పాత కాలపు బట్టలు కుట్టడం నాకు సరదాగా మొదలైంది. పగలంతా బ్లౌజులు, రాత్రి భోజనాలయ్యాక నా కోసం ఒక అంగరఖా, అంటే ముందు ఒక పక్కకి మడిచి నాడాలతో కట్టుకునే పాతకాలం పొడుగు చొక్కా. ఎదురింటి అక్క చూసి మనవడికి ఒకటి కుట్టమంది. అక్కణ్ణుంచి స్కూళ్ళు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు. ఇప్పుడు ఆగస్టు 15కి, కృష్ణాష్టమికి, నవంబరు 14కి ముందు మా హాల్లో అడుగు పెట్టడానికి చోటుండదు. కుట్టేదంతా పాలిస్టర్ వెల్వెట్టే. వైజాగ్ ఉక్కలో అది తొడిగించుకున్న పిల్లాడు స్టేజీ ఎక్కేలోపే చెమటకి ఏడుపు మొదలెడతాడు. పైగా అదే డ్రెస్సు ఒక వీధిలో శ్రీకృష్ణదేవరాయలు, పక్క వీధిలో అక్బరు. మీసం ఒక్కటే తేడా.

రాయలవారి సంగతే తీసుకుందాం, నాకు ఎక్కువ ఆర్డర్లు ఆయనవే. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు రాయలవారిని కళ్ళారా చూసి రాసిపెట్టాడు. ఒంటి మీద తెల్లబట్టలు, వాటి నిండా బంగారు గులాబీల పనితనం, మెడలో వజ్రాల నగ, తల మీద జరీ టోపీ. కాళ్ళకి ఏమీ లేవు! ఎరుపూ లేదు, వెల్వెట్టూ లేదు, ముక్కు తిరిగిన జోళ్ళూ లేవు. తిరుమల గుళ్ళో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ ఆయన విగ్రహాన్ని చూసినవాళ్ళకి ఆ పొడుగాటి టోపీ గుర్తుండే ఉంటుంది. అదే కుల్లాయి. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో మగవాళ్ళ తలల మీద కనిపించేదీ అదే. రాయలకంటే ముందే, కర్ణాట రాజసభ కోసం కుల్లాయి పెట్టాల్సొచ్చింది, కూర్పాసం (చొక్కా) తొడగాల్సొచ్చింది అని శ్రీనాథుడంతటివాడు ఒక చాటువులో విసుక్కున్నాడు. ఇంతకీ రాయలవారు మనకి పరాయివాడేం కాదు. ఆయన కానుకల గురించి 1516, 1519 నాటి శాసనాలు మన సింహాచలం గుళ్ళోనే ఉన్నాయి.

ఇదంతా చెబితే మొన్న ఒకావిడ, "ఏటండీ, కిరీటం లేకపోతే రాజని ఎవరనుకుంటారు? ప్రైజు రావద్దేటి?" అన్నారు. ఆవిడ మాటా నిజమే. జడ్జీలు మెరుపే చూస్తారు. మెరుపు కావాలనుకునేవాళ్ళకి ఊళ్ళో అద్దె షాపులు చాలానే ఉన్నాయి, నాకంటే చవగ్గా ఇస్తాయి. మొహమాటపడకుండా అక్కడికే వెళ్ళండి.

ఇకమీదట నేను కుట్టేవి తక్కువే. రాయల సెట్టు, అంగరఖా, జామా (మొగలుల కాలం నాటి, కింద కుచ్చిళ్ళున్న పొడుగు అంగీ), గురజాడ కాలపు బుట్టచేతుల జాకెట్టు. ఆ బుట్టచేతులు దొరసానుల ఫ్యాషన్, యూరప్‌లో 1895 ప్రాంతంలో బాగా ఉబ్బాయి. భీమిలి డచ్చి సమాధుల దగ్గర ఫొటోలకి గౌను కావాలని ఒక కాలేజీ అమ్మాయి అడిగింది. గౌను కాదమ్మా, పొడుగు కోటు కుట్టించుకో అన్నాను. హిండెలోపెన్ అనే డచ్చి ఊళ్ళో ఆడవాళ్ళు మన కోరమాండల్ తీరం అద్దకాల గుడ్డతోనే అలాంటి కోట్లు కుట్టించుకునేవారు. పెడన కలంకారీతో అది భేషుగ్గా వస్తుంది.

ఇక డబ్బు సంగతి. వెల్వెట్ సెట్టు 1,200 రూపాయలకి ఇచ్చేదాన్ని. రాయల సెట్టు పిల్లల సైజు 3,800 నుంచి మొదలు. పెద్దవాళ్ళ అంగరఖా మల్లు గుడ్డలో (పల్చటి నూలు గుడ్డ) 4,500. పొందూరు ఖాదీ కావాలంటే గుడ్డ ధర విడిగా. అక్కడ ఇప్పటికీ పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు, ఆ నూలు దగ్గర బేరమాడటం నాకు చేతకాదు. మిగతాదంతా చేతిపని ఖరీదు. అంగరఖాలో చంక దగ్గర మన బ్లౌజులాంటి రౌండు కటింగ్ ఉండదు. చేతులు తిన్నగా కోసి, చంక కింద చిన్న చదరపు ముక్క వేస్తాం, చెయ్యి పైకెత్తినా పట్టెయ్యదు. పొడుగాటి ముక్కని ఐమూలగా కోస్తే రెండు కలీలు (ఏటవాలు ముక్కలు), ఒకదాన్ని తిరగేసి జత చేస్తే ఘేరు, అంటే కింది వెడల్పు, వచ్చేస్తుంది. గుడ్డ దాదాపు వృథా కాదు. పాతకాలం దర్జీల లెక్క చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

మిషను కుట్టు వాడతారా అని అడుగుతున్నారు. సింగర్ పేటెంటు 1851 నాటిది కాబట్టి 1890ల జాకెట్టుకి మిషను కుట్టే సబబు. రాయల సెట్టుకి లోపలి పొడుగు కుట్లు మిషను మీద, బయటికి కనబడేవన్నీ చేత్తో. అన్నీ చేత్తోనే కావాలంటే రేటు దాదాపు రెట్టింపు, అది మీ ఇష్టం. జిప్పులు వెయ్యను. ఇప్పుడు మనం వాడే తరహా జిప్పుకి పేటెంటు వచ్చిందే 1917లో. నాటకాలవాళ్ళకి మాత్రం మినహాయింపు, రెండు సీన్ల మధ్య నాడాలు ముడేసుకునే టైము వాళ్ళకెక్కడిది? వాళ్ళకి లోపలివైపు హుక్కులు వేసిస్తాను.

హుక్కులంటే గుర్తొచ్చింది. సముద్రం గాలికి ఇనుప హుక్కులు, గుండుసూదులు తుప్పెక్కి తెల్లగుడ్డ మీద మరకలేస్తాయి, అవి ఒక పట్టాన వదలవు. నేను ఇత్తడివే వేస్తున్నాను. మీరు దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, జరీ నల్లబడుతుంది. ఉతికిన పాత నూలు చీరలో చుట్టి, అప్పుడప్పుడు నీడన గాలికి వేస్తే చాలు.

ఇంట్లో సరదాకి కుట్టుకునేవాళ్ళు కూడా ఫోన్ చేస్తున్నారు, సంతోషం. కుల్లాయితో మొదలుపెట్టండి. లోపల బకరం (గట్టిగా నిలబెట్టే గుడ్డ), పైన మీ దగ్గరున్న పట్టు ముక్క, ఒక మధ్యాహ్నం పని. అంగరఖా కాగితం కటింగు కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి, దానికి డబ్బులు తీసుకోను.

ఆర్డరుకి కనీసం నెలన్నర టైమివ్వండి. ముందు కోరా గుడ్డలో ట్రయల్ వేస్తాను, దానికి ఒకసారి మనిషి రావాలి. కొలతలతో పాటు ఎవరి వేషమో కూడా రాయండి. మొగలుల కాలంలో జామా నాడాలు హిందువులు ఎడమ చంక కింద, ముస్లింలు కుడి చంక కింద కట్టుకునేవారు. అది తెలియకుండా ముందు భాగం కొయ్యలేను.