చట్టం చేశారు, తేదీ చెప్పరు

సంపాదకులకు,

ఇంగ్లండ్‌లో ఫ్లాటు కొన్న తెలుగువాళ్ల కోసం, పిల్లలు కొంటామంటే ఊళ్లో స్థలం అమ్మి డిపాజిట్‌కు డబ్బు పంపుతున్న తల్లిదండ్రుల కోసం కూడా ఈ ఉత్తరం రాస్తున్నాను, ఫ్లాట్ల లీజుల మీద ఇక్కడ చట్టం చేసి కూడా అమలు తేదీ చెప్పకపోవడం గురించి. ఇక్కడ ఫ్లాటు కొనడం హైదరాబాద్‌లో కొన్నట్టు కాదు. అక్కడ భవనం కింద భూమిలో మనకూ ఇంత అవిభాజ్య వాటా అని రాసి రిజిస్టర్ చేస్తారు. ఇక్కడ దాదాపు ప్రతి ఫ్లాటూ లీజ్‌హోల్డే. 99 ఏళ్లకో 125 ఏళ్లకో హక్కు కొనుక్కుంటాం, భూమీ భవనమూ ఫ్రీహోల్డర్‌వి, పైగా చాలా పాత లీజుల్లో ఏటేటా ఆయనకు గ్రౌండ్ రెంట్ (భూమి అద్దె) కూడా కట్టాలి. ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇళ్లు సుమారు 50 లక్షలు ఉన్నాయి. స్కాట్లండ్‌లో ఈ గొడవే లేదు, అక్కడ ఫ్లాటు కొంటే సొంతమే.

కొనేటప్పుడు అందరం వంటగది చూస్తాం, స్టేషన్ ఎంత దూరమో, స్కూలు ఎలాంటిదో చూస్తాం. లీజులో ఎన్నేళ్లు మిగిలాయన్నది మాత్రం సాలిసిటర్ (లాయరు) పంపిన కాగితాల్లో ఎక్కడో ఉండిపోతుంది. అసలు కీలకం అదే. మిగిలిన గడువు 80 ఏళ్లకు పైన ఉన్నంత కాలం, ఫ్రీహోల్డర్‌కు డబ్బు కట్టి లీజు పొడిగించుకునే ఖర్చు ఒక మాదిరిగా ఉంటుంది. 80కి దిగిన రోజు నుంచి 'మ్యారేజ్ వాల్యూ' అని ఇంకోటి వచ్చి చేరుతుంది. లీజు పొడిగించడం వల్ల ఫ్లాటు విలువ పెరుగుతుంది కాబట్టి ఆ పెరుగుదలలో సగం ఫ్రీహోల్డర్‌కు ఇవ్వాలని పాత చట్టం చెబుతుంది. అసలు లెక్క ఇంత సూటిగా ఉండదు గానీ, ఆ పెరుగుదల 20 వేల పౌండ్లయితే 10 వేలు ఆయనకే అన్నమాట. గడువు ఇంకా తగ్గితే కొనేవాళ్లకు బ్యాంకులు లోన్ ఇవ్వడానికి వెనకాడతాయి, అప్పుడు అమ్ముదామన్నా కష్టమే.

కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ) ఫ్లాట్లు కొన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. 1980ల్లో, అద్దెకున్నవాళ్లకే అమ్మే రైట్ టు బై పథకం కింద వాటిని 125 ఏళ్ల లీజుకు అమ్మారు. 1981 నాటి లీజు 2106తో ముగుస్తుంది, అంటే సరిగ్గా ఆ 80 గీత మీదికి వచ్చేసింది. అదే బ్లాకులో ఓ ఫ్లాటును తర్వాతెప్పుడో అమ్మినా, మొదటి ఫ్లాటు లీజుతో పాటే దీని గడువూ ముగిసేలా రాసుకునే వీలు కౌన్సిల్‌కు ఉంది. కాబట్టి "మాది 1990లో ఇచ్చిన లీజు, మాకింకా టైముంది" అనుకుంటే కుదరదు, కాగితం తీసి చూడాల్సిందే.

ఇప్పుడు అసలు నా ఫిర్యాదు. 2024 మే 24న, ఎన్నికల కోసం పార్లమెంటు మూతపడుతున్న ఆఖరి రోజు హడావిడిలో, లీజ్‌హోల్డ్ అండ్ ఫ్రీహోల్డ్ రిఫార్మ్ యాక్ట్‌కు రాజముద్ర పడింది. అందులో ఉన్నవన్నీ మనకు పనికొచ్చేవే: 90 ఏళ్లకు బదులు 990 ఏళ్ల పొడిగింపు, మ్యారేజ్ వాల్యూ రద్దు, అవతలివాళ్ల లాయరు ఖర్చులు చాలావరకు మన నెత్తిన పడకపోవడం. వార్త వినగానే ఎంతమంది "ఇంకేముంది, కొత్త రూల్ వచ్చాక చేయిద్దాం" అని ఫైలు మూసేశారో! మా స్నేహితుల్లోనే ఉన్నారు. తీరా చూస్తే, కొన్నాక రెండేళ్లు ఆగితే గానీ పొడిగింపు అడగకూడదన్న నిబంధన మాత్రం 2025 జనవరి 31న పోయింది. పైన చెప్పిన ముఖ్యమైనవి ఈ ఉత్తరం రాసే నాటికి కూడా అమల్లోకి రాలేదు.

ఎందుకంటే చాలా చెబుతారు. పొడిగింపు ధర లెక్కకు వాడే రేట్లు ఖరారు చేయాలట, చట్టంలోనే లోపాలున్నాయి కాబట్టి దాన్ని సరిదిద్దడానికి మరో చట్టం కావాలట. కొందరు ఫ్రీహోల్డర్లు కోర్టుకు కూడా వెళ్లారు, 2025 అక్టోబరులో హైకోర్టు వాళ్ల వాదన కొట్టేసింది. కారణాలన్నీ నిజమే కావొచ్చు, కానీ ఆ లోపల మన లీజు రోజూ కరుగుతూనే ఉంటుంది కదా. చట్టం చేసిన రోజు 81 ఏళ్లు మిగిలి ఉన్న మనిషి ప్రభుత్వం మాట నమ్మి ఆగాడు, ఇవాళ 80 కిందికి జారిపోయాడు, ఇప్పుడు పొడిగిస్తే రద్దు చేస్తామన్న డబ్బునే మళ్లీ కట్టాలి. నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. రాజముద్ర పడిన రోజుకు 80కి పైన ఉండి ఆ తర్వాత కిందికి దిగిన లీజులకు మ్యారేజ్ వాల్యూ వసూలు చేయకూడదని ఓ చిన్న నిబంధన పెట్టండి, మిగతా దానికి ఓ తేదీ చెప్పండి.

ఈ ఆలస్యాన్ని అవతలివాళ్లు బాగానే వాడుకుంటున్నారు. మా ఫ్రీహోల్డర్ ఏజెంటు నుంచి ఓ ఉత్తరం వచ్చింది, ఎంత మర్యాదగా ఉందో చెప్పలేను. లాయర్ల తంటా లేకుండా, చట్టం జోలికి పోకుండా మనలో మనం తేల్చుకుందాం, లీజును 125 ఏళ్లకు తెస్తాం, ఇంత కట్టండి, ఆఫర్ నెల రోజులే అని. రెండో పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉంది, పాత గడువు తీరేదాకా గ్రౌండ్ రెంట్ ఇప్పటిలాగే కడుతూ ఉండాలట. చట్టం ప్రకారం వెళ్తే ఉన్న గడువుకు 90 ఏళ్లు కలుస్తాయి, 82 కాస్తా 172 అవుతుంది, గ్రౌండ్ రెంట్ అక్కడితో సున్నా. ఇది తెలియక ఎంతమంది సంతకం పెట్టేశారో!

80కి దగ్గర్లో ఉన్నవాళ్లు కొత్త చట్టం కోసం కూర్చోకుండా సాలిసిటర్‌తో, వాల్యుయేషన్ చేసే సర్వేయర్‌తో వెంటనే మాట్లాడండి. ఇప్పుడు అమల్లో ఉన్న 1993 చట్టం కింద, పొడిగింపు కోరుతూ ఫ్రీహోల్డర్‌కు సెక్షన్ 42 నోటీసు ఇచ్చిన రోజునే లెక్క ఖాయమవుతుంది. ఆ రోజు 80కి పైన ఉంటే, తర్వాత బేరం ఏడాది సాగినా మ్యారేజ్ వాల్యూ రాదు. అయితే ఊరికే పంపి చూద్దాం అనుకోవద్దు. మధ్యలో వెనక్కి తీసుకుంటే మళ్లీ ఇవ్వడానికి ఏడాది ఆగాలి, అప్పటిదాకా అయిన ఫ్రీహోల్డర్ ఖర్చులూ మనమే కట్టాలి. ముందుగా అర్థం చేసుకోవాలనుకుంటే ప్రభుత్వం నిధులిచ్చే లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ ఉంది, ఉచితంగా చెబుతారు.

ఇంకో సంగతి. ఇండియన్ పాస్‌పోర్టుతోనే వీసా మీద ఇక్కడ ఉంటున్నవాళ్లకు కూడా, కామన్వెల్త్ పౌరులు కాబట్టి, పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంది. మనవాళ్లలో చాలామంది పేరు నమోదు చేయించుకోరు. చేయించుకుని, మీ లీజు ఏ తేదీతో ముగుస్తుందో రాసి, ఆ అమలు తేదీ ఎప్పుడని మీ ఎంపీకి ఓ ఈమెయిల్ పెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హారో, లండన్