సెలవుల ముందు ఒక మాట: సోడా తెమ్మని పిల్లల్ని పంపకండి

తల్లిదండ్రులందరికీ నమస్తే.

ప్రతి ఏడూ దసరా సెలవుల ముందు ఈ ఉత్తరంలో హోంవర్క్ గురించీ ఫీజు బకాయిల గురించీ రాస్తాను, మీలో సగం మంది చదవరని కూడా నాకు తెలుసు. ఈసారి మాత్రం పిల్లల చేతికి చేరుతున్న మత్తు గురించి రాస్తున్నాను, కాస్త ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

పోయిన నెల తొమ్మిదో తరగతి గది ఊడుస్తుంటే ఆయమ్మకు బెంచీ కింద ఒక వస్తువు దొరికింది. పొట్టిగా, రంగు పెన్నులా ఉంది. ఆఫీసులో తెచ్చి ఇస్తే కంప్యూటర్ సారు పెన్‌డ్రైవ్ అనుకుని మూత తీసి సిస్టమ్‌కి పెట్టబోయారు. మూత తీయగానే గదంతా మామిడిపండు వాసన. అది వేప్, అంటే ఈ-సిగరెట్. లోపల ఉండేది నికోటిన్. 2019లోనే మన దేశంలో వాటి తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధించారు, అయినా హనుమకొండలో మా బెంచీ కిందికి వచ్చి చేరింది. ఎవరిదో చెప్పమని ఇప్పటికే నలుగురు ఫోన్ చేశారు. చెప్పను. మీ పిల్లల విషయం వస్తే అదీ ఇంకొకరికి చెప్పను, ఆ నమ్మకం లేకపోతే రేపు మీరు నా గదికి రారు.

ఫోన్ చేసినవాళ్లంతా అన్న ఇంకో మాట, "మా వాడు అలాంటోడు కాదు మేడం." కాకపోవచ్చు. కానీ ఇరవై ఆరేళ్లుగా బడిలో ఉన్నాను, అలాంటోడు అని మొహం మీద రాసుకుని వచ్చిన పిల్లగాణ్ణి ఒక్కణ్ణి కూడా చూడలేదు.

ఇంకో విషయం సూటిగా అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. దసరా రోజు మీ ఇంట్లో దావత్ ఉంటుందా? 2025లో పండుగ గాంధీ జయంతి నాడే పడి మందు షాపులు బంద్ అయితే, ముందు రోజు సాయంత్రమే ఎన్ని ఇండ్లలో ఫ్రిజ్‌లు నిండాయో మనందరికీ తెలిసిందే. పెద్దవాళ్లు తాగడం మానాలని రాయడానికి నేనెవర్ని. నా బాధ వేరే. డాబా మీద మామయ్యలు, బాబాయిలు కూర్చుంటే కింది నుంచి సోడాలు, ఐసు, వేయించిన పల్లీలు మోసేది ఎవరు? మన ఎనిమిదో తరగతి పిల్లగాడు. ఓసారి మా బంధువుల ఇంట్లో చూశాను. పిల్లగాడు కొత్త చొక్కా వేసుకుని, జమ్మి ఆకు తెచ్చి మామ చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు. ఆయన ఎడమ చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని, కుడి చేత్తో దీవించి, "పెద్దోడివైనవ్ రా, ఒక్క గుటక" అన్నాడు. చుట్టూ అందరూ నవ్వారు. వాడు తాగలేదు, తల వంచుకుని వాడూ నవ్వాడు. మరుసటి ఏడు తాగాడు.

మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 77వ సెక్షన్ చూస్తే, డాక్టరు చెప్తే తప్ప, పద్దెనిమిది నిండని పిల్లలకు మత్తు ఇచ్చినవాళ్లకు ఏడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఆ ఒక్క గుటక సరదా ఎంత దూరం పోతుందో చూడండి.

గంజాయి సంగతికి వస్తే, సినిమాలో చూపించినట్టు ఎవరో గడ్డపోడు సందు చివర నిలబడి అమ్ముతాడని మనం అనుకుంటాం. పిల్లల చేతికి మొదట ఇచ్చేది మాత్రం చాలాసార్లు తెలిసినవాళ్లే: సీనియర్, క్రికెట్ దోస్తు, సెలవులకు సిటీ నుంచి వచ్చిన పెద్దమ్మ కొడుకు. "ఆకే కదా, ఏం కాదు" అంటారు. ఇరవై ఐదేళ్ల దాకా మెదడు ఎదుగుతూనే ఉంటుంది, అందులోనూ మంచి చెడు ఆలోచించి ఆగమని చెప్పే ముందు భాగం అన్నిటికంటే ఆలస్యంగా తయారవుతుంది. ముప్పై ఏళ్లవాడికి చేసే నష్టం వేరు, పద్నాలుగేళ్లవాడికి చేసే నష్టం వేరు.

మీలో చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది, పీల్చే మత్తు. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివి. 2019లో కేంద్రం బయటపెట్టిన దేశవ్యాప్త సర్వేలో పెద్దవాళ్లకంటే పిల్లల్లోనే ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే: 10 నుంచి 17 ఏళ్లవాళ్లలో 1.17 శాతం, పెద్దవాళ్లలో 0.58 శాతం. మొదటిసారి పీల్చినప్పుడే గుండె లయ తప్పి ప్రాణం పోయే ప్రమాదం ఉంది దీంతో. మేము ఈ ఏడు నుంచి బడిలో వైట్‌నర్ వద్దన్నాం, తప్పు రాస్తే ఒక గీత కొట్టేయమన్నాం. ఇంట్లో కూడా కొనకండి.

ఎలా కనిపెట్టాలి అని అడుగుతారు. ఉన్నట్టుండి దోస్తులు మారిపోవడం, ట్యూషన్ ఎగ్గొట్టడం, చొక్కాకి అగరుబత్తీనో స్ప్రేనో అతిగా వాసన, ఎర్రబడ్డ కళ్లు, ఇంట్లో చిల్లర మాయం కావడం, ఫోన్‌పేలో తెలియని పేర్లకు యాభై, వంద వెళ్తూ ఉండడం. ఇవన్నీ కలిసి వస్తే అనుమానించండి. ఒక్కటే కనిపిస్తే ఆగండి, తలుపేసుకోవడం, చిరాకు, పొద్దెక్కేదాకా నిద్ర ఆ వయసుకు మామూలే. మందుల షాపులో టెస్ట్ కిట్ కొని ప్రతి ఆదివారం మూత్రం పరీక్ష చేస్తామని ఒక నాన్నగారు అన్నారు. వద్దన్నాను. ఆ ఇంట్లో ఆ పిల్లాడు ఇక నోరు విప్పుతాడా?

మాట్లాడటానికి కూర్చోబెట్టి క్లాసు పీకకండి, అది చేయడానికి మేమున్నాం. బండి మీద తీసుకెళ్తున్నప్పుడు మాట్లాడండి. ఒకరి మొహం ఒకరికి కనిపించదు కాబట్టి వెనక కూర్చున్న పిల్లలు చాలా చెప్తారు, నా కొడుకు పెద్ద విషయాలన్నీ నక్కలగుట్ట నుంచి బడికి వచ్చే దారిలోనే చెప్పాడు. "మీ క్లాసులో ఎవరైనా తాగుతారా?" అంటే లేదంటారు. "ఎవరైనా ఇస్తే నువ్వు ఏమని తప్పించుకుంటావ్ రా?" అని అడిగి చూడండి. దోస్తుల ముందు వద్దనడానికి వాళ్లకు ఒక సాకు కావాలి, ఆ సాకు మీరే అవ్వండి. "మా అమ్మ ఇంటికి పోగానే నోరు వాసన చూస్తది" అని చెప్పుకోనివ్వండి, మీ పరువేం పోదు. ఇంకోటి, ఎక్కడైనా ఇరుక్కుంటే అర్ధరాత్రి అయినా ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తాను, ఆ రాత్రి ఒక్క ప్రశ్న అడగను అని మాటివ్వండి. ఇస్తే నిలబెట్టుకోండి. అడగాల్సినవి పొద్దున టిఫిన్ అయ్యాక అడగొచ్చు.

ఇదంతా ఇంత నమ్మకంగా రాస్తున్నానంటే నేను చేసిన తప్పు వల్లే. ఇంతకుముందు పనిచేసిన బడిలో ఒక పదో తరగతి అబ్బాయి సంచిలో గంజాయి దొరికితే, వాళ్ల బాపును పిలిపించి అందరి ముందు మాట్లాడి, సాయంత్రానికల్లా టీసీ చేతిలో పెట్టాను. బడి పేరు కాపాడాననుకున్నాను. ఆ అబ్బాయి పరీక్షలే రాయలేదు. ఆ రోజు వాళ్ల బాపు టీసీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "నమస్తే మేడం" అని పోయాడు. ఆ నమస్తే ఇంకా గుర్తుంది. ఇప్పుడు మా బడిలో మొదటిసారికి టీసీ లేదు. అమ్మినవాళ్ల సంగతి వేరే, అక్కడ పోలీసులకే చెప్తాను.

ఇప్పటికే అలవాటు పడ్డారని తెలిస్తే, కొట్టి గదిలో పెట్టి మాన్పించొద్దు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, తీసుకెళ్లండి, నేనూ తోడు వస్తాను. కేసవుతుందని చాలామంది భయపడి దాచిపెడతారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే, కొద్ది మొత్తంతోనో వాడకంతోనో దొరికినవాళ్లు తమంతట తాము ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యానికి ముందుకొచ్చి పూర్తి చేస్తే కోర్టు విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే 64-ఎ సెక్షన్ ఉంది. మత్తు మాన్పించే సలహాకు 14446, మనసు బాగోలేనప్పుడు 14416, ఎక్కడైనా అమ్ముతున్నారని తెలిస్తే మన రాష్ట్ర పోలీసుల మత్తు నిరోధక విభాగం ఈగల్ (ఇంతకుముందు నార్కోటిక్స్ బ్యూరో) 1908. ఎవరైనా స్పృహ లేకుండా పడి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి చేయండి, తిట్లు తర్వాత.

సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట దగ్గర, దసరా సాయంత్రం రంగలీల మైదానం దగ్గర మనవాళ్లంతా కనిపిస్తారు, అక్కడ పలకరించి ఈ విషయాలు అడగకండి, చుట్టూ జనం ఉంటారు. సెలవుల్లో పండుగ రెండు రోజులు తప్ప మంగళ, శుక్రవారాలు పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఆఫీసులో ఉంటాను. గేటు దగ్గర పేరు, క్లాసు రాయాల్సిన పని లేదు, మేడం కోసం వచ్చాం అంటే వాచ్‌మన్ పంపిస్తాడు.

మీ హెడ్మిస్ట్రెస్