మూసి ఉండే రోజున పాత కొచ్చి చూపిస్తామని సొమ్ము తీసుకున్నారు

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

విషయం: ఒక్కరోజు పాత కొచ్చి యాత్రలో సేవాలోపం, సొమ్ము వాపసు కోరుతూ ఫిర్యాదు.

అయ్యా,

గత నెలలో ఒక శుక్రవారం మీ సంస్థ నడిపిన యాత్రలో మా కుటుంబం నుంచి నలుగురం వెళ్లాం. మనిషికి రూ. 2,600 చొప్పున మొత్తం రూ. 10,400 ముందుగానే కట్టాం. మట్టాంచేరి ప్యాలెస్, పరదేశి సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం), సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి, చీనా వలలు (చేపలు పట్టే పెద్ద వలలు), ఎర్నాకుళం నుంచి ఫోర్ట్ కొచ్చికి పడవ ప్రయాణం, వెంట తెలుగు మాట్లాడే గైడు అని మీ బ్రోచరులో రాసి ఉంది. వీటిలో మాకు దక్కినవి చర్చి, వలలు మాత్రమే. పడవ లేదు, తోప్పుంపడి మీదుగా రోడ్డునే తీసుకెళ్లారు. గైడూ లేడు.

మట్టాంచేరి ప్యాలెస్‌కు శుక్రవారం వారపు సెలవు. ఇది కొత్తగా పెట్టిన నిబంధన కాదు, ఆ ఊళ్లో ఆటో నడిపేవారిని అడిగినా చెబుతారు. యూదుల విశ్రాంతి దినం శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి సినగాగ్‌లోకి ఆ మధ్యాహ్నం సందర్శకులను రానివ్వరు. మీ వ్యాను సరిగ్గా ఆ మధ్యాహ్నమే మమ్మల్ని ఆ రెండు తలుపుల ముందు దింపింది. బుక్ చేసేటప్పుడు, శుక్రవారం అన్నీ తెరిచే ఉంటాయా అని నేను ఫోనులో ప్రత్యేకంగా అడిగాను. ఉంటాయని మీ సిబ్బంది భరోసా ఇచ్చారు. ఆ మాట నమ్మే డబ్బు కట్టాను.

మేం పోగొట్టుకున్నది ఏమిటో మీకు తెలియాలి. మా అత్తయ్యగారు పదవీ విరమణ చేసిన సోషల్ టీచరు. మోకాళ్ల నొప్పులతో ఉండి కూడా ఇంత దూరం వచ్చింది ఆ ప్యాలెస్ లోపలి కుడ్యచిత్రాల కోసమే. రాజుగారి పడకగదిలో గోడల నిండా రామాయణ ఘట్టాలు చిత్రించి ఉంటాయి. గోవర్ధన పర్వతాన్ని ఎత్తిన కృష్ణుడు, కుమారసంభవ ఘట్టాలు కూడా ఆ భవనంలో ఉన్నాయి. కేరళ కుడ్యచిత్రకళను అంత దగ్గరగా చూడగల చోట్లు తక్కువ. ఆమె మూసిన గేటు దగ్గర కాసేపు నిలబడి, మళ్లీ వ్యాను ఎక్కారు. మరోసారి ఈ ప్రయాణం చేసే ఓపిక ఆమెకు ఉంటుందని నేను అనుకోవడం లేదు.

సినగాగ్ విషయమూ అంతే. 1568లో కొచ్చి రాజు తన ప్యాలెస్ పక్కనే యూదులకు ఇచ్చిన స్థలంలో కట్టినది. 18వ శతాబ్దంలో చైనా నుంచి తెప్పించిన నీలిరంగు పలకలు నేలంతా పరిచి ఉంటాయి. చేత్తో చిత్రించినవి కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవంటారు. మేం చూసింది బయటి గడియారం గోపురం ఒక్కటే.

ఇక చరిత్ర చెప్పిన తీరు. గైడు రాలేదని డ్రైవరుగారినే వివరించమన్నారట. ఆయన మర్యాదస్తుడు, బండి జాగ్రత్తగా నడిపాడు, అత్తయ్యగారిని చేయి పట్టుకుని దింపాడు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఆయనకు తెలుగు రాదు, వచ్చీరాని హిందీలో ఎవరో చెప్పింది చెప్పాడు. డచ్ ప్యాలెస్ అనే పేరును బట్టి మట్టాంచేరి ప్యాలెస్‌ను డచ్చివారు కట్టారన్నాడు. కట్టింది పోర్చుగీసువారు, 1555 ప్రాంతంలో, కొచ్చి రాజు కోసం. డచ్చివారు 1663 తర్వాత మరమ్మతులు చేయించారు. చర్చిలో వాస్కో డ గామా సమాధి చూపించి, ఆయన శరీరం ఇప్పటికీ కిందే ఉందన్నాడు. 1524 డిసెంబరులో కొచ్చిలో చనిపోయిన ఆయనను అక్కడ పాతిపెట్టిన మాట నిజమే, కానీ 1539లో అవశేషాలను పోర్చుగల్‌కు తీసుకెళ్లారు. మాతో వచ్చిన పిల్లలు ఆ తప్పులే నోటుపుస్తకంలో రాసుకుంటుంటే అత్తయ్యగారు కూర్చోబెట్టి దిద్దించారు. గైడుకని సొమ్ము తీసుకుని ఆ పని ప్రయాణికుల చేత చేయించడం న్యాయమా?

ఆ చర్చిలో ఎంతసేపైనా ఉండవచ్చు. గోడలకు అమర్చిన పోర్చుగీసు, డచ్ సమాధి ఫలకాలు, పైనుంచి వేలాడే తాళ్లతో లాగే పంకాలు, పోర్చుగీసు నుంచి డచ్చికి, అక్కడి నుంచి ఆంగ్లేయులకు చేతులు మారిన కట్టడం. మమ్మల్ని తొందరపెట్టి బయటికి పంపేశారు. ఆ తొందర దేనికంటే మసాలా దినుసుల దుకాణానికి, ఆ తర్వాత చీరల షోరూముకు, ఇంకో కళాఖండాల దుకాణానికి. వీటిలో ఏదీ బ్రోచరులో లేదు. చర్చిలో గడిపిన సమయం కంటే ఈ దుకాణాల్లో గడిపినదే చాలా ఎక్కువ. చీనా వలల దగ్గరికి చేరేసరికి చీకటి పడింది, వలలు పైకి ఎత్తి కట్టేసి ఉన్నాయి.

దీనిపై ఫోను చేస్తే, స్థలాలు మూసి ఉండటం మా చేతుల్లో లేని విషయమని, నిబంధనల్లో ఆ మాట రాసే ఉందని మీ కార్యాలయం జవాబిచ్చింది. ఈ వాదన నేను ఒప్పుకోను. తుఫాను వచ్చినా, హర్తాళ్ జరిగినా మీ చేతుల్లో లేదంటే అర్థముంది. వాటి గురించి ఎవరూ మిమ్మల్ని నిలదీయరు. శుక్రవారం ప్రతి వారమూ వస్తుంది, ఆ సెలవు మీకు ముందే తెలుసు. తెలిసీ టికెట్లు అమ్మారు.

అందువల్ల మేం కట్టిన మొత్తంలో సగం, అంటే రూ. 5,200 వాపసు చేయండి. శుక్రవారాల్లో ఈ యాత్రను అమ్మడం ఆపండి, లేదా ఆ రోజు ప్యాలెస్ మూసి ఉంటుందని, సినగాగ్ చూడటం కుదరకపోవచ్చని డబ్బు తీసుకునే ముందే బ్రోచరులో పెద్ద అక్షరాలతో రాయండి. దుకాణాలకు తీసుకెళ్లేటట్లయితే అదీ ముందే చెప్పి ప్రయాణికుల ఇష్టం అడగండి. తెలుగు గైడును ఇవ్వలేని రోజున ఇస్తామని రాయకండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకమైన జవాబు కోరుతున్నాను. రాకపోతే 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మేం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసే వీలుంది కాబట్టి దానికీ సిద్ధంగా ఉన్నాను. చెల్లింపు రశీదు, మీ బ్రోచరు ప్రతి, మూసిన గేటు దగ్గర తేదీ, సమయంతో తీసిన ఫొటోలు జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ యాత్రలో పాల్గొన్న ప్రయాణికురాలు
(పేరు, చిరునామా, బుకింగ్ సంఖ్య జతచేసిన రశీదులో ఉన్నాయి)