ఆరో నంబరుకి ఐదో నంబరు రాసిన ఉత్తరం

ఏమే ఆరో నంబరూ,

నీ ఉత్తరం అందింది. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు ఏడుపే! నది పొంగిందనీ, పడవలు దింపే డాక్ కొట్టుకుపోయిందనీ, ప్రాక్టీసులు మళ్లీ ఎప్పుడో మీ కోచ్‌కే తెలీదనీ రాసి రాసి, ఆఖర్న చీమ తలకాయంత అక్షరాలతో "ఇప్పుడు నేనేం చెయ్యనే?" అని అడిగావు. ఆ ముక్క మొదట్లోనే అడిగుంటే కాగితం మిగిలేది కదే.

రెండేళ్లు ఒకే రేసు పడవలో ఆరో సీటులో నువ్వు, నీ వెనక ఐదో సీటులో నేను, నీ వీపు చూస్తూ తెడ్డేసినదాన్ని. ఖాళీ దొరికితే నువ్వేం చేస్తావో నాకు తెలీదా? మొదటి వారం మంచం దిగవు. రెండో వారం గుండెలో రాయి పడుతుంది. మూడో వారం ఒళ్లు విరగ్గొట్టుకుంటావు. నువ్వు ఊరు మారిన ఏడాది మాకూ ఆరు వారాలు బోట్‌హౌస్ తాళం పడితే, నేను చేసిన ఘనకార్యం అచ్చం ఇదే.

పది రోజులు హాయిగా నిద్రపోయాను. పదకొండో రోజు ఎర్గ్, అదే గదిలో కూర్చుని తెడ్డేసినట్టు లాగే మెషీను, ఎక్కి 2000 మీటర్ల టెస్టు లాగాను. అంతకుముందు సరిగ్గా 8:00 నిమిషాల్లో పూర్తిచేసేదాన్నా, ఆ రోజు 8:21. ఆ అంకె చూశాక నాకు అన్నం సయించలేదు. ఇక రోజు మార్చి రోజు టెస్టే. వేడెక్కడం లేదు, మెల్లగా లాగడం లేదు, ఎక్కడం, చచ్చేదాకా లాగడం, నేల మీద పడి కప్పు కేసి చూడటం. నాలుగో వారానికి నవ్వితే పక్కటెముక దగ్గర పోటు. తుమ్మితే ప్రాణం పోయినంత పని. డాక్టరుకి చూపిస్తే ఎముక మీద ఒత్తిడి పడి సన్నగా చిట్లడం మొదలైందన్నారు. తెడ్డు వేసేవాళ్లకి ఇది బాగా తెలిసిన గాయమేనట, పని ఒక్కసారిగా పెంచితే వస్తుందట. ప్రాక్టీసులు మొదలైన రోజు అందరూ పడవెక్కితే, నేను ఒడ్డున నిలబడి వాళ్ల చెప్పులు కాపలా కాశాను. అలా ఐదు వారాలు.

అందుకే నీకు మొట్టమొదట చెప్పేది: టెస్టులు పెట్టుకోకు. కనీసం నెల రోజులు ఆ 2000 జోలికే పోకు.

నీ భయం సంగతికొస్తే, అందులో కొంత నిజముంది. పని పూర్తిగా మానేస్తే ముందు తగ్గేది ఒంట్లో రక్తంలోని నీటి భాగం, అదీ కొద్ది రోజుల్లోనే. అందుకే వారం తర్వాత మెట్లెక్కినా గుండె దడదడలాడుతుంది. రెండు మూడు వారాలకి దమ్ము తగ్గడం బాగా తెలుస్తుంది. బలం మాత్రం అంత తొందరగా పోదు, నెల దాకా కాస్త అటూ ఇటూగా నిలబడుతుంది. అంటే కాపాడుకోవాల్సింది దమ్ముని. మనం ఏడెనిమిది నిమిషాల్లో కొట్టే 2000 మీటర్లలో సుమారు ముప్పాతిక శక్తి ఊపిరి మీద నడిచే ఇంజినుదే. ఆ ఇంజిను రొప్పుతూ కట్టేది కాదు, నిమ్మళంగా లాగుతూ కట్టేది.

నిమ్మళం అంటే ఎంతో చెప్తా విను. నిమిషానికి 18 నుంచి 20 స్ట్రోకులు. పక్కన ఎవరైనా ఉంటే పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మాట తెగుతోందంటే జోరు ఎక్కువైనట్టే. అలా 20 నిమిషాలు లాగు, రెండు నిమిషాలు నీళ్లు తాగు, మళ్లీ 20. మొదటి వారం రెండు విడతలు చాలు, తర్వాత మూడు. వారంలో నాలుగు రోజులు. విసుగొస్తుంది. చచ్చేంత విసుగొస్తుంది, అది మాత్రం దాచను. నేను ఫ్యాను రెక్కల చప్పుడుకి పేర్లు కూడా పెట్టుకున్నాను.

స్ప్లిట్, అంటే 500 మీటర్లకి పట్టే టైము, చూసి కుళ్లిపోకు. 500 మీటర్లకి 2:10 స్ప్లిట్ అంటే దాదాపు 159 వాట్లు. 2:00కి దిగాలంటే 203 వాట్లు కావాలి. చూడ్డానికి పది సెకన్లే, కాళ్లకి మాత్రం నాలుగో వంతు పైన అదనపు పని. వేగం కొంచెం పెరగాలన్నా శక్తి దాని ఘనం లెక్కన పెరగాలి మరి. "నిన్న 2:12, ఇవాళ 2:14, అయిపోయాను" అని నాకు రాశావో, ఆ ఉత్తరం చింపేస్తా. ఎర్గ్ పక్కనుండే ఆ మీట కూడా 10కి తోసెయ్యకు. అది బరువు పెంచదే పిచ్చిదానా, లోపలికి పోయే గాలిని పెంచుతుంది, అంతే. బరువైన పడవని ఈడ్చినట్టుండి నడుం పట్టేస్తుంది. 3కీ 5కీ మధ్య పెట్టుకో.

మీ బోట్‌హౌస్ వాళ్లు ఎర్గ్ ఇంటికి ఇవ్వకపోతే సైకిలు తొక్కు. కాళ్లకి దగ్గర పని, కీళ్లకి దెబ్బ ఉండదు. పరుగూ మంచిదే, కానీ అలవాటు లేకుండా రోజూ పరిగెత్తితే ముంగాళ్లు నొప్పెడతాయి. ఏదైనా సరే, పైన చెప్పిన మాటల కొలతే.

బలానికి వారంలో రెండు రోజులు చాలు. గుంజీలు, ఒంటికాలి మీద వంగి లేవడం, దండీలు, ప్లాంక్. వీపుకి గట్టి బల్ల కింద పడుకుని అంచు పట్టుకుని ఛాతీని పైకి లాక్కో. ముందు బల్ల తిరగబడుతుందేమో చూసుకో, మా బల్ల తిరగబడింది. దాని మీద మా తమ్ముడి హోంవర్కూ నీళ్ల గ్లాసూ ఉన్నాయి. మిగతాది ఊహించుకో.

నీ విషయంలో అసలు సంగతి ఇంకొకటి ఉంది. రెండేళ్లు వెనక కూర్చుని చూశాను కాబట్టి చెప్తున్నా, క్యాచ్‌కి, అంటే తెడ్డు నీళ్లలో వేసే క్షణానికి, వచ్చేటప్పుడు నువ్వు తుంటి దగ్గర వంగవు, నడుం మధ్యలో విరుగుతావు. పడవలో దాన్ని దిద్దుకునే తీరిక ఎక్కడిది? ఇప్పుడుంది. చీపురు కర్ర వీపుకి నిలువుగా ఆనించుకో. తల వెనక, భుజాల మధ్య, వెన్ను అడుగున, మూడు చోట్లా కర్ర తగలాలి. ఆ మూడూ వదలకుండా తుంటి నుంచి వంగు. మొదట్లో జానెడు కూడా వంగలేవు, తొడల వెనక లాగుతుంది. రోజూ ఐదు నిమిషాలు. అదే కర్రని తెడ్డులా పట్టుకుని, లోపలి చేత్తో తిప్పడం, బయటి చేత్తో లాగడం అద్దం ముందు సాధన చెయ్యి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

ఒంటరిగా చెయ్యలేనంటావని తెలుసు. మేము సాయంత్రాలు అందరం వీడియో కాల్‌లో కలిసేవాళ్లం. ముగ్గురికి ఎర్గులు, ఇద్దరు సైకిళ్ల మీద, ఒకమ్మాయి మెట్లెక్కుతూ దిగుతూ. మా కాక్స్, అదే పడవలో చుక్కాని పట్టి పిలుపులిచ్చే అమ్మాయి, వంటగదిలో నిలబడి "కాళ్లు! కాళ్లు!" అని అరిస్తే, ఆ అరుపు ఒక్కొక్కళ్లకి ఒక్కో సెకను ఆలస్యంగా చేరేది. జన్మలో ఒక్క క్యాచ్ కూడా కలవలేదు. కానీ ఆరింటికి ఎవరో ఎదురుచూస్తున్నారంటే సోఫాలోంచి లేవక తప్పేది కాదు. మీ కాక్స్‌ని కూడా వదిలెయ్యకు. పాత రేసుల రికార్డింగులు వింటూ తన పిలుపులు తనే దిద్దుకోమను, ఆ పిల్లకి అంతకంటే మంచి అవకాశం రాదు.

నీళ్లు కాస్త తగ్గినట్టు కనిపిస్తే ఎవరిదో చిన్న పడవ తీసుకుని ఒక్కదానివే దిగుదామనే ఆలోచన రావచ్చు. వద్దు. బతిమాలడం కాదు, గట్టిగానే చెప్తున్నా. వరద నీళ్లలో దుంగలు కనపడవు, కోచ్ లాంచీ వెంట ఉండదు. చల్లటి నీళ్లలో బోల్తా పడితే మొదటి నిమిషం ఊపిరే నీ మాట వినదు.

ఇంకా రెండు చిన్న మాటలు. పడవెక్కట్లేదు కదా అని తిండి తగ్గించకు. అరచేతుల కాయలు మెత్తబడతాయి, తిరిగొచ్చాక బొబ్బలు ఖాయం, ఏడవకు. ఆ మొదటి వారం మాత్రం అందరూ ఎగబడినా నువ్వు మామూలులో సగమే చెయ్యి. నా పక్కటెముకని తలచుకో.

నీ గదిలో న్యూజిలాండ్ రోయర్ ఎమ్మా ట్విగ్ బొమ్మ ఇంకా ఉందా? 2012 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 2016లో మళ్లీ నాలుగే. 2020లో ఈసారైనా అనుకుంటే ఒలింపిక్స్ ఏకంగా ఏడాది వాయిదా. 2021లో టోక్యోలో సింగిల్ స్కల్స్, అంటే ఒక్కరే నడిపే పడవ పోటీ, బంగారం పట్టుకుపోయింది, అప్పటికి ఆవిడకి 34 ఏళ్లు. దాని ముందు నీ ఖాళీ ఎంత తల్లీ!

వచ్చే ఉత్తరంలో అంకెలు రాయకు. కర్రతో ఎంత దూరం వంగగలుగుతున్నావో రాయి, అది చాలు. ఆంటీని అడిగానని చెప్పు. మీ బోట్‌హౌస్ నుంచి ఎర్గ్ ఇంటికి ఇస్తే గొలుసుకి నూనె వెయ్యడం మరిచిపోకు. ఇక్కడున్నప్పుడు అది నీ వంతే, ఒక్కసారీ వెయ్యలేదు.

నీ వెనకాల,
ఐదో నంబరు