చైనాతో మన లోటు: తీసివేత కంటే ముందు భాగహారం

ప్రియమైన శేఖర్,

నీ ఉత్తరం అందింది. చైనాతో మన వర్తక లోటు 99 బిలియన్ డాలర్లకు చేరిందని పేపర్లో చదివి, "ఏటా ఇంత డబ్బు అటు పోతుంటే మన గతేమిటి?" అని అడిగావు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదువు.

నువ్వు చదివిన అంకె సరైనదే. 2024-25 ఆర్థిక సంవత్సరంలో చైనా నుంచి మనకు వచ్చిన సరుకు 113.45 బిలియన్ డాలర్లు, మనం పంపింది 14.25 బిలియన్లు. తేడా 99.2. చిక్కేమిటంటే, దిగుమతి పెరిగినా లోటు పెరుగుతుంది, ఎగుమతి తగ్గినా పెరుగుతుంది. ఆ రెండూ వేరువేరు జబ్బులు, మందులూ వేరు. తీసివేత చేయగానే ఏది ఏదో తెలియకుండా పోతుంది. అందుకని ముందు భాగహారం చెయ్యి. 2003-04లో మన ఎగుమతి 2.95 బిలియన్లు, దిగుమతి 4.05. అంటే వంద రూపాయల సరుకు కొంటే 73 రూపాయల సరుకు అమ్మాం. 2013-14లో 14.82, 51.03: వందకు 29. 2024-25లో వందకు పన్నెండున్నర.

ఆ చివరి రెండు ఏళ్లనూ మళ్లీ చూడు. 14.82 నుంచి 14.25. పదకొండేళ్లలో దిగుమతి రెట్టింపు దాటింది, ఎగుమతి మాత్రం ఉన్నచోటే ఉంది. నన్నడిగితే ఆందోళన పడాల్సింది ఇక్కడే. కానీ దీన్ని ఎవరూ హెడ్డింగులో పెట్టరు.

రూపాయల్లో లెక్కిస్తే ఇంకో పొరపాటు జరుగుతుంది. 2013-14లో డాలరు సగటున 60 రూపాయల 50 పైసలు, 2024-25లో 84 రూపాయల 50 పైసల చిల్లర. లోటు డాలర్లలో 2.7 రెట్లయితే రూపాయల్లో దాదాపు 3.8 రెట్లయినట్టు కనిపిస్తుంది. మధ్యలో ఉన్న తేడా చైనా పుణ్యం కాదు, రూపాయి విలువ తగ్గడం వల్ల వచ్చింది. ఏళ్ల మధ్య పోలిక ఎప్పుడూ డాలర్లలోనే చెయ్యి.

ఇక ఎగుమతి ఎందుకు కదల్లేదో చెప్తాను. ఒకప్పుడు చైనాకు మనం పంపిన దాంట్లో పెద్ద పద్దు ఇనుప ఖనిజం. 2009-10లో దేశం మొత్తం మీద 11 కోట్ల టన్నులకు పైగా ఎగుమతైంది, అందులో సింహభాగం చైనా స్టీలు కొలుములకే. 2010 జులైలో కర్ణాటక ఖనిజ ఎగుమతిని ఆపింది. 2011లో సుప్రీంకోర్టు బళ్లారి తవ్వకాలను ఆపింది. అదే ఏడాది డిసెంబరు చివర్లో ఎగుమతి సుంకం 30 శాతానికి పెరిగింది. 2012లో గోవా గనులు మూతపడ్డాయి. 2012-13 నాటికి ఎగుమతి రెండు కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. ఆ నిర్ణయాల్లో చాలావాటికి గట్టి కారణాలున్నాయి. అక్రమ తవ్వకం ఆగాల్సిందే. నేను చెప్పేదల్లా ఆ లోటు మన ఇంట్లో తీసుకున్న నిర్ణయం వల్ల పెరిగిందని, బీజింగ్‌లో జరిగిన దానివల్ల కాదని.

ఇలాంటిదే 2022లో మళ్లీ జరిగింది. ఆ మే నెలలో ఖనిజం మీద ఎగుమతి సుంకం 50 శాతానికి పెంచి, నవంబరులో వెనక్కి తీసుకున్నారు. చైనాకు మన ఎగుమతి 2021-22లో 21.26 బిలియన్లు, 2022-23లో 15.31. ఒక్క ఏడాదిలో ఆరు బిలియన్లు పోవడంలో ఆ సుంకానికి పెద్ద వాటా ఉంది. 2020-21లో లోటు 44 బిలియన్లకు తగ్గిందని చాలామంది సంబరపడ్డారు కదా, అదీ ఇలాంటిదే. కోవిడ్‌తో మన ఫ్యాక్టరీలు ఆగి దిగుమతి పెరగలేదు, అదే సమయంలో చైనా ముందుగా కోలుకుని మన ఖనిజం, స్టీలు కొనుక్కుంది. మరుసటి ఏడాది లోటు 73 బిలియన్లు.

ఆ 73లో కూడా కొంత పొంగు ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి సోలార్ మాడ్యూళ్ల (ప్యానెళ్ల) మీద 40 శాతం, వాటిలో బిగించే సెల్స్ మీద 25 శాతం సుంకం వస్తుందని ఏడాది ముందే తెలుసు. మరి వ్యాపారులు ఊరుకుంటారా? జనవరి నుంచి మార్చి దాకా గోడౌన్లు నింపుకున్నారు. ఆ ఏడాది అంకె ఉబ్బింది. పైగా 2021లో కంటెయినర్ కిరాయిలు ఆకాశాన్నంటాయి, మన దిగుమతి విలువలో కిరాయి కూడా కలిసి ఉంటుంది. అందుకే సుంకం మారిన తేదీలు దగ్గర పెట్టుకోకుండా ఏడాది అంకెలు చదవకు. వీలైతే నెలవారీ అంకెలు తీసి, వరుసగా మూడు నెలల సగటు కట్టు.

కిరాయి మాట వచ్చింది కాబట్టి, మన లెక్కకూ చైనా లెక్కకూ పొంతన ఎందుకు కుదరదో కూడా చెప్పేస్తాను. ఎగుమతిని అందరూ ఎఫ్‌ఓబీ విలువతో రాస్తారు, అంటే ఓడ ఎక్కించేదాకా అయిన ఖరీదు. దిగుమతిని మనం సీఐఎఫ్‌తో రాస్తాం, అంటే కిరాయి, బీమా కలిపి. కిరాయి ఎంతో తేలకపోతే మన కస్టమ్స్ విలువ నిబంధనలు ఎఫ్‌ఓబీ మీద 20 శాతం, బీమా తేలకపోతే 1.125 శాతం వేసుకోమంటాయి. పైగా మనది ఏప్రిల్-మార్చి, వాళ్లది జనవరి-డిసెంబర్. ఈ లెక్కన చైనా "ఇండియాకు పంపాం" అని రాసిన దానికంటే మనం "చైనా నుంచి వచ్చింది" అని రాసేది కొంచెం ఎక్కువుండాలి. జరిగేది దానికి తలకిందులు! 2024 క్యాలెండర్ సంవత్సరానికి చైనా కస్టమ్స్ చెప్పిన ఎగుమతి దాదాపు 120 బిలియన్లు. మన 113 కిరాయితో కలిపి, అదీ మూడు నెలల తర్వాతి కాలానికి.

ఈ తేడాకు ఒకే కారణం లేదు. సుంకం ఎగ్గొట్టడానికి ఇక్కడ ఇన్వాయిస్ తగ్గించి చూపడం ఒకటి. ఎగుమతి చేస్తే వ్యాట్ వాపసు వస్తుంది కాబట్టి అక్కడ పెంచి చూపడం మరొకటి. చాలా సరుకులకు ఆ వాపసు 13 శాతం వరకు ఉంటుంది. మూడోది దారి మళ్లిన సరుకు. దిగుమతిదారు కస్టమ్స్‌కు ఇచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీ అనే పత్రంలో రెండు గళ్లుంటాయి: సరుకు ఏ దేశంలో తయారైంది, ఏ దేశం నుంచి రవాణా అయింది. చైనాలోని షెన్‌జెన్‌లో తయారైన చిప్పు హాంకాంగ్ గోడౌన్ మీదుగా వస్తే ఆ రెండు గళ్లలో రెండు పేర్లు ఉంటాయి. దిగుమతిని పుట్టిన దేశం పేరునే రాయాలని ఐక్యరాజ్యసమితి గణాంక నియమం. సరుకు పుట్టుక సరిగ్గా నమోదు కాని ప్రతి చోటా చైనా వాటా తగ్గి, హాంకాంగ్ వాటా పెరుగుతుంది. ఎగుమతి వైపూ ఇదే తంతు. మన గేదె మాంసాన్ని చైనా చాలాకాలం నేరుగా రానివ్వలేదు. వియత్నాం పేరుతో వెళ్లిన దాంట్లో బోలెడు సరిహద్దు దాటి అక్కడికే చేరేది. అందుకే చైనా, హాంకాంగ్ రెండింటినీ పక్కపక్కన రాసి కూడా ఒకసారి చూడు.

ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్ దేశాల నుంచి దిగుమతులు పెరుగుతున్నా ఇదే అనుమానంతో చూడాలి. వాళ్లతో 2010లో అమలుకొచ్చిన వర్తక ఒప్పందం ప్రకారం సుంకం రాయితీ కావాలంటే సరుకులో 35 శాతం విలువ అక్కడిదై ఉండాలి, హెచ్‌ఎస్ (సరుకులకు ప్రపంచమంతా వాడే వర్గీకరణ కోడ్) ఉపశీర్షిక కూడా మారాలి. మిగతా 65 శాతం ఎక్కడిదైనా కావచ్చు. 2020 సెప్టెంబరు నుంచి దిగుమతిదారే ఆ వివరాలు తన దగ్గర ఉంచుకుని, అడిగితే చూపాలన్న నిబంధన వచ్చింది. మంచి పనే. కానీ సర్టిఫికెట్ సక్రమంగా ఉన్నంత మాత్రాన లోపల చైనా విడిభాగం లేదని కాదు.

ఇప్పుడు అసలు సంగతి, లోటులో ఏముందో. వాణిజ్య శాఖ వెబ్‌సైట్లో ఎగుమతి-దిగుమతి డేటా బ్యాంకు ఉంది. దేశం చైనా అని ఎంచుకుని, సరుకుల వారీగా రెండంకెల హెచ్‌ఎస్ అధ్యాయాలు తెరువు. 85 అంటే ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, 84 యంత్రాలు, 29 సేంద్రియ రసాయనాలు, 39 ప్లాస్టిక్స్. 85, 84 కలిపితేనే చైనా దిగుమతిలో సగం దాటుతుంది. అక్కడితో ఆగకుండా నాలుగంకెలకు దిగు. 8517 ఫోన్లు, వాటి భాగాలు, 8542 చిప్పులు, 8541 సోలార్, 8507 బ్యాటరీలు, 2941 యాంటీబయోటిక్స్. మన ఎగుమతి వైపు 2601 ఇనుప ఖనిజం, 03 రొయ్యలు, చేపలు, 52 పత్తి, నూలు. మనం పంపేది భూమి నుంచి, చెరువు నుంచి, చేను నుంచి వచ్చింది. వాళ్లు పంపేది ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. ముడిసరుకు ధర పడితే మన ఎగుమతి పడుతుంది.

ఒక జాగ్రత్త: హెచ్‌ఎస్ కోడ్‌లను ప్రతి అయిదారేళ్లకు సవరిస్తారు. 2022 సవరణలో స్మార్ట్‌ఫోన్‌కు విడి కోడ్ వచ్చింది, డిస్‌ప్లే మాడ్యూళ్లకు 8524 అని కొత్త శీర్షికే పుట్టింది, సోలార్ కోడ్‌లు విడిపోయాయి. ఆరంకెల వరుస తీసుకుంటే 2022 దగ్గర ఒక పద్దు ఉన్నట్టుండి సున్నా నుంచి మొదలైనట్టు కనబడుతుంది. కంగారుపడి "దిగుమతి విరగబడింది" అనుకోకు. విలువతో పాటు పరిమాణం గడి కూడా తీసుకో. 2023-24లో సోలార్ మాడ్యూళ్ల ధర దారుణంగా పడింది. విలువ ఒక్కటే చూస్తే మెగావాట్లు ఎన్ని వచ్చాయో తెలియదు.

ఫోన్ల సంగతి ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ. తయారైన ఫోన్ల మీద 2017 జులైలో 10 శాతం సుంకం వేసి, 2018 ఫిబ్రవరికల్లా 20 శాతం చేశారు. ఫోన్ల దిగుమతి కూలబడింది, ఇక్కడ అసెంబ్లీ మొదలైంది. 2024-25లో మన స్మార్ట్‌ఫోన్ ఎగుమతి 24 బిలియన్ డాలర్లు దాటింది. కానీ లోపలి భాగాలు, వాటిని బిగించే యంత్రాలు చైనావే ఎక్కువ. ఫలితంగా చైనాతో లోటు పెరిగింది, అమెరికాతో మిగులు పెరిగింది. ఇందులో చైనా లోటును ఒక్కదాన్నే పట్టుకుని నష్టమంటే అన్యాయం, అమెరికా మిగులును ఒక్కదాన్నే చూసి మన ప్రతాపమన్నా అన్యాయమే. మందులూ అంతే. 29వ అధ్యాయంలో ముడిమందు వస్తుంది, 30వ అధ్యాయంలో మాత్రలుగా ప్రపంచానికి వెళ్తుంది.

ఇక భయపడాల్సిన చోటు చెప్తాను, దానికీ లోటు సైజుకూ సంబంధం లేదు. 2025 ఏప్రిల్ 4న చైనా టెర్బియం, డిస్ప్రోసియం లాంటి ఏడు అరుదైన లోహాల మీద, వాటితో చేసే అయస్కాంతాల మీద ఎగుమతి లైసెన్సు పెట్టింది. మోటారు తిరగాలంటే ఆ అయస్కాంతం కావాలి. మన మొత్తం చైనా దిగుమతిలో అయస్కాంతాల విలువ ఒక శాతం కూడా ఉండదు. అయినా నెలల తరబడి అనుమతులు రాక మన వాహన కంపెనీలు అల్లాడిపోయాయి. అదే ఫర్నిచరో బొమ్మలో ఆగితే ఇంకోచోట కొనుక్కుంటాం. కాబట్టి ప్రతి నాలుగంకెల పద్దు పక్కనా ఇంకో గడి గీసుకో: ఆ సరుకు మొత్తం దిగుమతిలో చైనా వాటా ఎంత, వేరే దేశం నుంచి ఎన్ని నెలల్లో తెచ్చుకోగలం. ఆ గడి లేని లోటు లెక్క నా దృష్టిలో సగం లెక్కే.

తిరిగి తయారు చేసుకోవడం ఎంత ఆలస్యమో యాంటీబయోటిక్స్‌కు ముడిసరుకైన పెనిసిలిన్-జి చెబుతుంది. ఒకప్పుడు ఇక్కడే చేసేవాళ్లం, చైనా ధరకు తట్టుకోలేక మూసేశాం. 2020లో 6,940 కోట్ల రూపాయలతో ముడిమందులకు ప్రోత్సాహక పథకం వచ్చింది. దాని కింద కాకినాడ దగ్గర 15,000 టన్నుల సామర్థ్యంతో ప్లాంటు 2024కి గానీ మొదలవలేదు.

ద్వైపాక్షిక లోటు మొత్తమే నేరుగా ఇబ్బంది పెట్టే సందర్భం ఒకటుంది, చెల్లింపు కూడా ఆ రెండు దేశాల మధ్యే తేలాల్సి వచ్చినప్పుడు. రష్యాను చూడు. 2024-25లో మనం కొన్నది 63.84 బిలియన్లు, ఎక్కువగా చమురు, అమ్మింది 4.88, అంటే పదమూడో వంతు. 2022 జులైలో రిజర్వ్ బ్యాంకు రూపాయల్లో చెల్లింపుకు వోస్ట్రో ఖాతాల (విదేశీ బ్యాంకులు మన బ్యాంకుల్లో తెరిచే రూపాయి ఖాతాల) దారి తెరిచింది. కానీ ఆ రూపాయలతో వాళ్లు ఏం కొంటారు? 2023 మేలో గోవా వచ్చినప్పుడు రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్, భారతీయ బ్యాంకుల్లో బిలియన్ల కొద్దీ రూపాయలు పోగుపడ్డాయని, వాడుకోవాలంటే వేరే కరెన్సీలోకి మార్చాలని బాహాటంగానే అన్నాడు. చైనాకు డాలర్లలో కడతాం కాబట్టి ఆ పీటముడి లేదు. అమెరికాకు అమ్మి, సేవలు అమ్మి తెచ్చిన డాలరే అక్కడ కడతాం.

మిగులు ఉన్నా నిశ్చింత లేదని 2025 ఏప్రిల్ 2న తేలింది. అమెరికా తన లెక్క ప్రకారం 2024లో మనతో ఉన్న 45.7 బిలియన్ల లోటును, మన నుంచి దిగుమతైన 87.4 బిలియన్లతో భాగించింది. 52 శాతం వచ్చింది. దాన్ని సగం చేసి 26 శాతం సుంకమంది. సేవలు లెక్కలోకి రాలేదు, ఏ సరుకు ఎందుకు వెళ్తోందన్నదీ రాలేదు. ఒక్క తీసివేత, ఒక్క భాగహారం, దాని మీద కోట్ల మంది ఉపాధి.

నువ్వు పట్టిక మొదలుపెడితే 2003-04 నుంచి మొదలుపెట్టు, ఆ కాలంలో వర్తకం చిన్నది, పద్దులు తక్కువ, లెక్క చేతికి అలవాటవుతుంది. గళ్లు ఇవీ: ఎగుమతి, దిగుమతి, నిష్పత్తి, 2601 విడిగా, 85 విడిగా, హాంకాంగ్ విడిగా. ఆ ఏడాది సుంకాలు ఏం మారాయో చివరి గడిలో రాసుకో. ఎక్కడైనా అంకె ఉన్నట్టుండి ఎగిరితే ముందు ఆ చివరి గడి చూడు, తర్వాత కోడ్ మారిందేమో చూడు, అప్పటికీ తేలకపోతే నాకు పంపు, కలిసి విప్పుదాం.

వదినను అడిగానని చెప్పు. పిల్లలకు ఆశీస్సులు.

నీ
మురళి